రాళ్లు మోసినవాళ్లు

ఆదివారం ఉదయం నవనీత జొన్నరొట్టెలు చేస్తుంటే, వసారాలో ఆమె భర్త విజేందర్ ఆట నియమాలను కొట్టివేస్తూ కూర్చున్నాడు. అతను నల్లగొండలో సోషల్ టీచరు. దొర కోటలాంటి గడీ మీద రైతుల పోరాటాన్ని పిల్లలు బల్లమీద మట్టిబొమ్మలతో, పాచికలతో ఆడి నేర్చుకోవాలన్నది అతని కోరిక. బొమ్మలన్నీ తల్లి ఈదమ్మ నెల రోజులు కూర్చుని చేసింది. అయితే ఆటకు గంటన్నర పడుతోంది; మరునాటి పీరియడు నలభై నిమిషాలే.

పెరట్లోంచి ఈదమ్మ గొంతు వినిపించింది.

"గీ బకెట్ల ఏం నానబెట్టినవ్ రా?"

"అక్కర లేని బొమ్మలమ్మా. రాళ్లు మోసేటోళ్లు. ఒక్కొక్కళ్లను జరుపుకుంట పోతే ఆట సాగుతనే ఉన్నది. ఆ మట్టితోని నాలుగు గుర్రాలు చేసియ్యి."

"మరి వడిసెల తిప్పేటోనికి రాయి యాడికెళ్లి వస్తది?"

"ఉన్నట్టే అనుకుంటరు. రూలు గట్ల రాసిన."

ఈదమ్మ తడిచేతులతోనే వసారాలోకి వచ్చింది.

"అనుకుంటరా? మాయమ్మ ఒడి నిండ రాళ్లు మోసుకుంట గడీ ముందట పడి పానమిడిసింది. తుపాకి పట్టలేదని అమరుల స్థూపం మీద పేరు రాయలే. గా రాయనోళ్లు పరాయోళ్లు. నా కడుపుల పుట్టినోనివి, నీకేం తొందరొచ్చింది రా?"

"పిల్లల ఆటమ్మా ఇది!"

"అందుకే చేసిన. గీ బల్లమీదనన్న నిలవడ్తదనుకున్న."

నవనీత రొట్టె తిప్పుతూ అంది: "మీ ఆట జల్దీ అయిపాయె. అత్తమ్మ నెల దినాల పని బురదపాలాయె."

విజేందర్ కలం పక్కన పెట్టాడు. రాళ్లు మోసినవాళ్లకు స్థూపం మీద చోటెందుకని ఆనాడు ఎవరో ఇంతే అనాయాసంగా అనుకొని ఉంటారు. కాగితాలు మళ్లీ చూశాడు. దొర సిపాయిలకూ గుర్రాలకూ మూడు పేజీల నియమాలున్నాయి. వాటిని కొట్టివేసి ఒకే వాక్యం రాశాడు: పక్కన రాళ్లు మోసే మనిషి లేకుంటే వడిసెల తిప్పరాదు. ఆ మనుషులకు బదులు చింతగింజలు పెట్టి నవనీతతో ఆడాడు. ముప్పై ఎనిమిది నిమిషాలకు ఆట ముగిసింది. జాప్యానికి కారణం రాళ్లు మోసిన అమ్మమ్మ కాదు, దొర సిపాయిలు. అతను దొర వైపు వెతకనేలేదు.

బకెట్ తెచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. "తప్పయిందమ్మా. మళ్ల చెయ్యవా?"

"నాకు గప్పుడు ఏడేండ్లు. మాయమ్మ మొకం యాదికి లేకుండె. మొన్న బొమ్మ చేస్తాంటే చేతి ఏళ్లకు దానంతటదే వచ్చింది. మళ్ల రాదు బిడ్డా."

అతను తలవంచి మట్టిని పిసుకుతూ ఒక మనిషిని నిలబెట్టాడు. ఈదమ్మ చాలాసేపు చూసి, చేయి చాచి తీసుకుంది. బొటనవేలితో ఒడిని బరువుగా కిందికి దించింది.

"మొకం?" అన్నాడు.

"గట్లనే ఉండనియ్యి," అంది ఈదమ్మ. బొమ్మను అతని అరచేతిలో పెట్టి, "ఇంకోటి చెయ్యి," అంది.