తెర వెనక రెండు ఆంప్లిఫయర్లు

చప్పుడు లేకపోయినా బటన్ నొక్కేవాళ్ళని ఆమె చాలామందినే చూసింది గానీ, ఇంత ధీమాగా నొక్కేవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

ఆమె పని వినికిడి పరీక్షలు చెయ్యడం. చప్పుడు చొరబడని చిన్న గదిలో ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతికి ఒక బటన్. సన్నగా కూత వినిపిస్తే నొక్కాలి, లేకపోతే ఊరుకోవాలి. బడికెళ్ళే పిల్లలు కూడా చక్కగా చేసేస్తారు. ఈ అబ్బాయి మాత్రం కూత ఉన్నా నొక్కుతున్నాడు, లేకపోయినా నొక్కుతున్నాడు. పైగా నొక్కిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, పరీక్షలో ఫస్టొచ్చినట్టు నవ్వుతున్నాడు.

"ఇప్పటిదాకా మీరు నొక్కినవాటిలో కొన్నిసార్లు నేను అసలేమీ పంపలేదండీ" అంది మైకులో.

"పంపకపోయినా ఏదో వినిపించింది మేడమ్."

"అది ఆశ. దాన్ని కొలిచే మిషన్ మా దగ్గర లేదు."

ఇంకోసారి, ఈసారి బుద్ధిగా చేయించింది. చెవులు అద్దంలా ఉన్నాయి. మరి పరీక్ష ఎందుకని అడిగితే అతను తన గోడంతా వెళ్ళబోసుకున్నాడు. అతను ట్యూబ్ ఆంప్లిఫయర్లు చేత్తో కడతాడు. పాతకాలం రేడియోల్లో వెలిగే గాజు ట్యూబులతో, రేకు పెట్టె తనే కోసి, ట్రాన్స్‌ఫార్మర్ తనే చుట్టి, తీగలన్నీ తనే సోల్డర్ చేసి. ఏడాది పాటు ప్రాణం పెట్టి కట్టినదాన్ని ఊళ్ళోకెల్లా పెద్ద ఆడియో షోరూమ్‌కి మోసుకెళ్తే, ఆ ఓనరు ప్లగ్గులో కూడా పెట్టకుండా, మూత తీసి లోపలి మామూలు రాగి తీగని చూసి, నీకు చెవులు లేవబ్బాయ్ అని పంపించేశాడట. అందుకని చెవులున్నట్టు ఒక సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది.

"ఆయనకి పాట కన్నా ధర చీటీ బాగా వినిపిస్తుంది మేడమ్" అన్నాడు. "ఆయన అమ్మే స్పీకరు తీగ మీద బాణం గుర్తుంటుందట, పాట అటువైపే పోవాలట. తీగ నేలకి తగిలితే గొంతు మసకబారుతుందని కింద చిన్న చిన్న పీటలు కూడా వేశాడు."

పీటల సంగతి ఆమెకి చెప్పాలా? ఇంట్లో హాలు ఊడుస్తూ ఒక పీట జరిపినందుకు పోయిన వారమే చీవాట్లు తింది. నవ్వు ఆపుకుంటూ రిపోర్టు ప్రింటు తీసి, మడతపెట్టి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఇది మా నాన్నకి నేనే చూపిస్తాను లెండి."

బటన్ బాబు (ఆ పేరు ఆమె అప్పటికే మనసులో పెట్టేసింది) కంగారులో బటన్ మళ్ళీ నొక్కేశాడు.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. ఆ మర్నాడు, నిన్నటి క్షమాపణ సరిగ్గా కుదరలేదేమోనని మళ్ళీ వచ్చాడు. మూడోసారికి ఆమే ఎదురుచూసింది. ఆ ఆంప్ ఏదో ఒకసారి చూపించమని తనే అడిగింది కూడా.

అతని గది ఒక మేడ మీద, రేకుల కప్పు కింద. బల్ల నిండా స్క్రూలు, వాషర్లు, తీగ ముక్కలు. స్విచ్చి వెయ్యగానే నాలుగు ట్యూబులు మెల్లమెల్లగా నారింజ రంగులోకి తిరిగాయి. ఆమె ఆత్రంగా ముందుకు వంగింది. అతను చటుక్కున అడ్డుపడి, మూత తీసిన ఆంప్ దగ్గర ఒక చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండాలన్నాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట. స్విచ్చి కట్టేసినా కాసేపటిదాకా లోపల కాచుకునే ఉంటుందట.

ఆమె కుర్తాకి జేబు లేదు. చెయ్యి వీపు వెనక దాచుకుంది. గుండె అప్పటికే కాస్త తొందరపడుతోంది గానీ, దానికీ కరెంటుకీ ఏ సంబంధమూ లేదు.

మరి ట్యూబు పాట తియ్యగా ఉంటుందంటారే, అదీ మా నాన్న పీటల్లాంటి కథేనా అని ఏడిపించింది. అతను బుంగమూతి పెట్టలేదు. గట్టిగా మోగిస్తే ట్యూబు కొంచెం తప్పు పాడుతుందనీ, ఆ తప్పు చెవికి ఇంపుగా ఉంటుందనీ, అంతకుమించి మహిమలేవీ లేవనీ ఒప్పేసుకున్నాడు. తక్కువ చప్పుడుతో మోగిస్తే ఒక మంచి ఆంప్‌కీ ఇంకో మంచి ఆంప్‌కీ తేడా ఎవరూ చెప్పలేరన్నాడు. ఇంతలో వాన దబదబా రేకుల మీద పడింది. ఏ ఆంపూ వినిపించకుండా పోయింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఆ నవ్వులోనే అతను అసలు సంగతి చెప్పాడు. ఇంకో ఊళ్ళో అన్నయ్యకి మోటార్లు చుట్టే షాపుంది. ఆంప్‌లతో ఆడింది చాలు, వచ్చేయమంటున్నాడు. నెలాఖరు దాకా గడువు. ఈ ఆంప్ షోరూమ్‌లోకి ఎక్కితే నాలుగు ఆర్డర్లొస్తాయి, ఇక్కడే ఉండిపోవచ్చు. ఎక్కకపోతే బస్సెక్కడమే.

నెలాఖరుకి ఇంకెన్ని రోజులున్నాయో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. వీణ్ణి పోనివ్వకూడదు అనుకుంది, అంతే. ఎందుకని తనని తాను అడగలేదు.

ఆ సాయంత్రమే రిపోర్టు పట్టుకుని తండ్రి ముందు కూర్చుంది. ఆయన మోసగాడేమీ కాదు. తను అమ్మే ప్రతి తీగనీ తనే ముందు నమ్ముతాడు. అందుకే ఆయన రోషాన్ని కదిపింది: తెర కట్టి రెండు ఆంప్‌లూ వినిపిస్తే ఏది ఏదో చెప్పగలవా అని. ముప్పై ఏళ్ళ చెవులివి, నిద్రలో లేపినా చెబుతానన్నాడాయన. చెప్పలేకపోతే ఆ కుర్రాడి ఆంప్‌ని తన ఖరీదైన ఆంప్ పక్కనే పెట్టి అమ్ముతాననీ, చెబితే మాత్రం వాడు మళ్ళీ షోరూమ్ మెట్లెక్కకూడదనీ పందెం కాశాడు.

ఆదివారం. మూసిన షోరూమ్. నల్ల తెర వెనక రెండు ఆంప్‌లు. గట్టిగా మోగేదే ఎవరికైనా బాగుందనిపిస్తుంది కాబట్టి, ముందే మీటర్ పెట్టి రెంటి శబ్దమూ సమానం చేశారు. తండ్రి ఎదురుగా సోఫాలో కూర్చున్నాడు. తెర పక్కన, ఒక ఆంప్ నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్చి పట్టుకుని ఆమె నిలబడింది. పదిసార్లు మోగించాలి, ప్రతిసారీ ఏదన్నది నాణెం ఎగరేసి తేల్చుకోవాలి. కుర్రాడు సైగలు చేస్తాడేమోనని అనుమానం వచ్చి, గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు తండ్రి. అతను బుద్ధిగా తిరిగి కూర్చున్నాడు.

ఒక ఆడగొంతు, వెనక పియానో.

"ఇది మనది" అన్నాడు తండ్రి, కాసేపు తటపటాయించి. కరెక్టే. "ఇది వాడిది." అదీ కరెక్టే. ఒకటీ రెండూ అయితే అదృష్టం అనుకోవచ్చు. సగం దాటేసరికి ఆమె నాణేన్ని మరీ ఎత్తుగా ఎగరేస్తోంది. ఆయన రానురాను తొందరగా చెబుతున్నాడు, గొంతులో చిన్న నవ్వు కూడా ఉంది.

"పదికి పది" అంది చివరికి. పరీక్షలో వచ్చిన ఫలితాన్ని మార్చి చెప్పడం ఆమె వల్ల కాదు.

అతను లేచి వచ్చాడు. "మీ చెవులకి దణ్ణం సార్" అని నిజంగానే దణ్ణం పెట్టి, తెర వెనక్కి వెళ్ళి తన ఆంప్ స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఉండు, కట్టెయ్యకు" అన్నాడు తండ్రి. "ఇంకో ఆట ఆడదాం. అమ్మడూ, ఈసారి నువ్వు కూడా తెర వెనకే ఉండి చెయ్యి."

పుండు మీద కారం చల్లడం ఎందుకు నాన్నా అనబోయి ఆగిపోయింది. అతను మళ్ళీ గోడవైపు వెళ్ళాడు. ఆమె తెర వెనక చేరి నాణెం ఎగరేసింది. ఈసారి తండ్రి గొంతులో ఆ జోరు లేదు. మనది అన్నాడు, కాదు వాడిది అన్నాడు, ఇంకొకసారి వినిపించమన్నాడు. పదిలో సగం తప్పు.

ఆమె బయటికి పరిగెత్తుకొచ్చింది. "ఇందాక అన్నీ ఎలా చెప్పావు నాన్నా?"

"ఇందాక నేను వినలేదమ్మా. మొదటిసారే చెవులు చేతులెత్తేశాయి. దిక్కుతోచక నీ వైపు చూశాను. వాడి ఆంప్ మోగినప్పుడల్లా నీ ముఖం వెలిగిపోతోంది. నాది మోగితే క్లినిక్‌లో రిపోర్టు రాస్తున్నదానిలా ఉన్నావు. చెవిటివాడైనా పదికి పది చెబుతాడు."

ఆమెకి నేల చీలితే బాగుండుననిపించింది. క్లినిక్‌లో పరీక్ష నడుస్తున్నంతసేపూ పేషెంటుకి తన ముఖం కనపడనివ్వదు. రోజూ పాటించే ఆ జాగ్రత్త ఇవాళే మర్చిపోయింది.

తండ్రి సోఫాలోంచి మెల్లగా లేచాడు. "ముప్పై ఏళ్ళు ఈ చెవుల్ని నమ్ముకుని వ్యాపారం చేశాను. బాధగానే ఉందిలే" అని చెవులు ఓసారి తడుముకున్నాడు. తర్వాత కుర్రాడి భుజం తట్టాడు. "నీ ఆంప్ రేపు నా ఆంప్ పక్కన ఉంటుంది. మాటంటే మాటే. మీ ఇద్దరి సంగతి మాత్రం మా అమ్మాయి తేల్చాలి. నాకు ఇష్టమే అని ముందే చెబుతున్నా. లోపల కాఫీ కలుపుతాను, తొందరేమీ లేదు."

తలుపు మూసుకుంది. అతను చెవుల దాకా ఎర్రబడి నిలబడ్డాడు.

"సార్ చెప్పింది నిజమేనా?" అన్నాడు. "నేను గోడవైపు తిరిగి ఉన్నాను. నాకేమీ కనపడలేదు."

ఆమె స్విచ్చి అతని ఆంప్ వైపు తిప్పి, పాట మొదటినుంచీ పెట్టింది. వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. సిగ్గుతో తల వాలిపోతుంటే బలవంతాన ఎత్తింది.

"ఇప్పుడు చూడండి" అంది.

పాట అయిపోయేదాకా అతను చూస్తూనే ఉన్నాడు.