పూడ్చిన బావి మీది వీడియో షాపు

పొద్దుగూకితే నారాయణపేటలో ఐలేశం వీడియో షాపు దిక్కు ఎవరూ పోయేవాళ్లు కాదు. పూడ్చిన బావి మీద కట్టిన షాపు అది. ఆ బావిలో పడి చచ్చిన మనిషి, వెనక గదిలో క్యాసెట్ తిరుగుతుంటే లేచి వచ్చి మాటలు పట్టుకుంటుందని చెప్పుకునేవాళ్లు.

ఆ మాట ఊరంతా మోసింది కూడా ఐలేశమే.

తొంభై తొమ్మిదిలో బీరమ్మ తన పెండ్లి క్యాసెట్‌ను సీడీ చేయమని అతనికిచ్చింది. తల్లి సోమమ్మ పోయి ఏండ్లయింది. ముఖం యాదికుంది, గొంతే జారిపోతోంది. ఆ గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. దానికీ బూజు పట్టింది.

సీడీ తలంబ్రాల దాకా బాగానే నడిచింది. పోను పోను మాట వెనకబడింది. అప్పగింతలప్పుడు సోమమ్మ ఏదో అని నోరు మూసింది... అప్పుడు — అప్పుడొచ్చింది గొంతు.

ఇంట్లో పిల్లలు కెవ్వుమన్నారు.

రెండోసారి చేసిచ్చినా అంతే.

"నా తప్పు కాదక్కా," ఐలేశం గుసగుసలాడాడు. "బావిలున్నది మాటను వదుల్తలేదు. నిమ్మకాయ గిట్ల కట్టిన... అయినా..."

నిజమే, కంప్యూటర్‌కు నిమ్మకాయ వేలాడుతోంది. బొట్టు కూడా పెట్టాడు. బీరమ్మకు నవ్వొచ్చింది, వెంటనే రోత పుట్టింది.

"టేపు ఇంకోసారి తిరుగుతదా?"

"ఒక్కసారి. ఆ తర్వాత తెగుతది."

"అయితే నేను పక్కనే కూసుంట."

"చీకటి పడ్డంకనే కరెంటు పోకుండ ఉంటది... భయపడతవక్కా."

"నిన్ను చూసి ఆ దెయ్యమే భయపడాలె."

చీకటి పడింది. వెనక గదిలో చెమ్మ వాసన. టేపు తిరుగుతోంది, డోలు మోగుతోంది. ఉన్నట్టుండి కంప్యూటర్ తెర మీద పెండ్లి బొమ్మ అదిరింది — ఆగింది — మళ్లీ కదిలింది.

డోలు మాత్రం ఆగలేదు.

బీరమ్మ మెల్లగా ఐలేశం భుజం మీదుగా వంగి చూసింది. తెర మీద, పెండ్లి బొమ్మ పక్కనే...

పేక ముక్కలు!

"ఏందిరా గది?"

"ఊకె కూసోలేక... పత్తాలాట."

"నువ్వు ముక్క కదిపినప్పుడల్లా బొమ్మ ఆగుతాంది. డోలు ఆగుతలేదు. కండ్లు లేవా నీకు?"

ఇన్నాళ్లూ ఐలేశం ఆట ఆడినప్పుడల్లా, రెండు పనులూ మోయలేక కంప్యూటర్ కొన్ని బొమ్మల్ని మింగేసింది. బొమ్మ పొట్టిదైపోయింది, మాట పొడుగ్గానే మిగిలింది. అందుకే వెనకబడింది. బావి మాత్రం పాపం, నిందలు మోసింది.

"ఆట మూసి మొదటి నుంచి తిప్పు."

"టేపు తెగితే?"

"నిన్ను గీ బావిలనే పూడుస్త."

టేపు కీచుమంది, తెగలేదు. సీడీ తయారయ్యాక, ఐలేశం అప్పగింతల దగ్గరికి జరిపాడు. సోమమ్మ ఇటు తిరిగి వీడియో తీసేవాడిని కసిరింది. పెదవీ మాటా ఒక్కటిగా—

"ఆ లైటు జర పక్కకు పట్టు! నా బిడ్డ కండ్లు మండుతున్నయ్."

మసక గదిలో బీరమ్మ చేయి దానంతటదే లేచి కండ్లకు అడ్డం వచ్చింది.