గుమ్మటం మీద వేలిముద్ర

“ముట్టుకోకండి,” అని ఆమె అనేలోపే అతను ముట్టుకున్నాడు.

పొద్దున్నుంచి ఆమె వెండిరంగు పట్టించిన బొమ్మ విమానం రెక్క మీద బొటనవేలి ముద్ర పడింది. అతను తన వేలు చూసుకున్నాడు. అదీ మెరుస్తోంది.

“చూస్తే తెలియదా, పచ్చిగా ఉందని?”

“చూస్తే నిజంగా లోహమే అనుకున్నానండీ. అందుకే చెయ్యి ఊరుకోలేదు.”

అది పొగడ్తో, తప్పించుకోవడమో ఆమెకు తేలలేదు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

అతను చెవి మిషన్లు బాగుచేస్తాడు. ఆమె నమూనాలు తయారుచేసే వర్క్‌షాపులో రంగులు వేస్తుంది. ప్లాస్టిక్ ముక్కను ఇత్తడనో, ఇనుమనో చూసేవాళ్ళ చేత నమ్మించడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను మెరుపమ్మాయి అంటారు.

అతను తెచ్చిన అట్టపెట్టెలో రెండడుగుల రైలింజను విడిభాగాలుగా ఉంది. ఆవిరి ఇంజన్లు నడిపిన అతని తండ్రి, తన ఇంజనుకు నమూనా చేసుకుంటూ సగంలో పోయాడు. రెండేళ్లయింది.

“అమ్మ పుట్టినరోజుకి పూర్తిచేసి ఇవ్వాలండీ. ఇదిగో ఫోటో.”

నలుపు తెలుపు ఫోటో. బాయిలర్ మీద గుండ్రటి గుమ్మటం ఒకటి తళతళలాడుతోంది.

“ఇది వెండిరంగేనా?”

“అంతలా మెరుస్తోంది కదా, వెండే అయ్యుంటుంది.”

నమూనాలో ఆ గుమ్మటం సగం నిమ్మకాయంత ఉంది. ఆమె దాని లోపల బంకముద్ద కూరి, పుల్లకు గుచ్చి పట్టుకుంది. ముందు నిగనిగలాడే నలుపు వేసింది. అది గాజులా ఆరితేనే పైన వెండి నిలుస్తుంది. మర్నాడు స్ప్రే గన్‌తో వెండిని ఊపిరంత పల్చగా, పొర మీద పొరగా కొట్టింది. గుమ్మటం అద్దమైపోయింది. సాయంత్రం అతను పని చూస్తానని వచ్చి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్ళాడు. ఆమె గాజుమూత పెట్టి, గదికి తాళం వేసింది.

తెల్లారి తాళం తీసి చూస్తే గుమ్మటం నడినెత్తిన బొటనవేలి ముద్ర.

ఆమె ఫోన్ చేసింది. “మీ వేలికి బుద్ధి రాదా?”

“చేతులు జేబులో పెట్టుకునే మాట్లాడానండీ. అది చూసే కదా మీరు నవ్వారు.”

నవ్విన మాట నిజమే. ఆమె పైరంగంతా థిన్నర్‌తో తుడిచి మళ్ళీ నలుపు, మళ్ళీ వెండి వేసింది. ఆ రెండు రోజులూ అతను రాలేదు. మూత కదల్లేదు. ముద్ర మాత్రం అదే చోట పడింది.

కబురందుకుని అతను వర్షంలోనే వచ్చాడు. పక్కనున్న పచ్చిరంగు ముక్క మీద తన వేలు నొక్కి చూపించాడు. ఆమె భూతద్దం పట్టింది. అతని ముద్ర సన్నం. గుమ్మటం మీది ముద్ర వెడల్పుగా ఉంది, దానికి అడ్డంగా ఏటవాలు మచ్చ.

అతను భూతద్దంలోకి వంగి చూసి, చటుక్కున తలెత్తాడు.

“ఈ మచ్చ సంగతి మీకెవరు చెప్పారు?”

“ఏ మచ్చ?”

“మా నాన్న వేలు ఇంజను తలుపులో నలిగింది. అచ్చం ఇలాగే ఉండేది. పోయినవాళ్ళతో ఏం ఆటలండీ ఇవి?”

“మీ నాన్నగారి వేలు నేనెప్పుడు చూశాను?”

అతను వానలోకి వెళ్ళిపోయాడు. పెట్టె తిప్పి పంపేస్తే ఆమెకు గొడవ వదిలేది. కానీ అతని కళ్ళలో తను అబద్ధాలకోరుగా మిగిలిపోవడం ఆమెకు నచ్చలేదు. ఎందుకంత పట్టిందో తనను తాను అడగడానికి కూడా భయమేసింది.

మూడోసారి వెండి వేసిన రోజు మధ్యాహ్నం, ఆమె గాజుమూత ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. బయట ముసురు. గుమ్మటంలో ఆమె ముఖం, వెనక కిటికీ వంకరగా కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి గదిలో బొగ్గుపొగ వాసన వచ్చింది. గుమ్మటంలో ఆమె భుజం వెనక కిటికీ వెలుతురు సగం మూసుకుపోయింది, ఎవరో వచ్చి నిలబడ్డట్టు.

ఆమె తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి మూత లోపల, వెండి మీద, సన్నటి గీతలు ఒక్కొక్కటే తేలుతున్నాయి.

ఆమెకు పరిగెత్తాలనిపించింది. అయినా కూర్చునే ఉంది. పని నచ్చని మనిషిని అడిగినట్టే అడిగింది.

“ఏం నచ్చలేదండీ మీకు?”

మూత లోపల గుమ్మటం పుల్ల మీద నుంచి జారి బల్ల మీద వెల్లకిలా పడింది. బంకముద్ద ఊడివచ్చింది. ముద్ద కూరేటప్పుడు ఆమె గమనించని చోట, పెద్దాయన ఎప్పుడో సరిచూసుకోవడానికి వేసిన రంగు చార కనిపించింది. వెండి కాదు, రాగి.

రాగి రంగు వేశాక ముద్ర మళ్ళీ పడలేదు.

పుట్టినరోజు నాడు పూర్తయిన ఇంజనును ఆమే స్వయంగా వాళ్ళింటికి తీసుకెళ్ళింది. తలుపు తీసిన అతను పక్కకు జరిగాడు. వాళ్ళమ్మ గుమ్మటాన్ని వేలితో నిమిరింది.

“పెళ్ళికి ముందు మా ఇల్లు పట్టాల పక్కనే,” అందావిడ. “ఇంజన్లన్నీ ఒకేలా నల్లగా ఉండేవి. తనది ఏదో నాకు తెలియాలని రాగి రేకు తొడిగించాడు. పైవాళ్ళు చీవాట్లు పెట్టినా తియ్యలేదు.”

“నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?”

“నువ్వెప్పుడడిగావురా?”

ఆమె జరిగిందంతా చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. “ఆయనంతే. నచ్చకపోతే నోరు విప్పడు, వేలు పెడతాడు,” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “పోయిన మనిషిని కూడా ఏం కావాలని అడిగిందీ పిల్ల. నువ్వు బతికే ఉన్నావు కదా, నీకేం కావాలో నువ్వే చెప్పుకో.”

ఇంజనును రెండు చేతులా ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

“ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయిందండీ,” అన్నాడు అతను.

“అన్నారు. నేనూ బాధపడ్డాను. అయిపోయింది.”

లోపల ఆవిడ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది, అవతలివాళ్ళ జవాబు వింటున్నట్టు. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ అటు చూడలేదు. అతను ఆమెకు కాస్త దగ్గరగా జరిగాడు. ఆమె జరగలేదు.

“రేపు మళ్ళీ వస్తారా?” అని అడిగాడు అతను.

“ఏం పనుందని?”

“పనేం లేదు. మిమ్మల్ని చూడకపోతే నాకు తోచదు.”

“అయితే వస్తాను,” అంది ఆమె.