నూతి గిలక

పెరట్లో రేకుల షెడ్డు ఖాళీ అవుతోంది. గునపం, పార, పాత సైకిలు చక్రం, కోళ్ల గంప... నాన్న అప్పలరాజు ఒక్కొక్కటే బయట పడేస్తున్నాడు. పదేళ్ల భవాని వాటిని గోనెసంచుల్లో సర్దుతోంది. నాన్నకు బదిలీ అయింది. రేపు పొద్దున్నే నర్సీపట్నం వదిలి పాయకరావుపేట వెళ్లిపోవాలి.

భవానికి ఏ వస్తువు చూసినా దిగులే. చివరికి ఒక ఇటుక ముక్కను కూడా సంచిలో వేసింది.

"ఇటుకెందుకే? అక్కడ దొరకవేటి?" అంది అమ్మ మంగాదేవి.

"ఇది మనింటిదమ్మా."

"అయితే గోడలు కూడా ఇప్పేసి పట్టుకుపోదాం," అని నాన్న నవ్వాడు. భవానికి నవ్వు రాలేదు.

నూతి దగ్గరికి వెళ్లి పైకి చూసింది. రోజూ తెల్లవారుజామున ఆ గిలక కిర్రుమంటేనే తనకు మెలకువ వచ్చేది. కొత్త ఇంట్లో నుయ్యి లేదు, కుళాయి ఉంది. ఆ చప్పుడు ఇక వినపడదనుకుంటే ఏడుపొచ్చేసింది.

"నాన్నా, గిలక మనదే కదా? ఇప్పి ఇవ్వవా?"

"మనదే. మరి లోవమ్మ పిన్నికో? అడిగేవేటి?"

నాన్న పిన్ని అని, భవాని మామ్మ అని పిలిచే పక్కింటి లోవమ్మకు కూడా ఆ నుయ్యే దిక్కు.

"అడిగేను. మామ్మ దగ్గర ఇంకోటుందట," అనేసింది భవాని. అబద్ధం అంత సులువుగా వస్తుందని తనకే తెలీదు. నాన్న పనుల తొందరలో గిలక విప్పి ఇచ్చేశాడు. భవాని దాన్ని సంచి అడుగున పెట్టి మూతి కట్టేసింది.

మర్నాడు లారీ నిండింది. లోవమ్మ బిందెతో నూతి దగ్గరికి వచ్చింది. పైకి ఒకసారి చూసి, తాడును గట్టు మీద నుంచే లాగడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చాక చెయ్యి జారి, చేద ధబ్బున నీళ్లలో పడింది. ఆమె అరచేయి ఎర్రగా కందిపోయింది.

"నొప్పెడతందా మామ్మా?"

"పర్లేదమ్మా. మీ వస్తువు మీరట్టుకెళ్తన్నారు, తప్పేటుంది? నువ్వు బేగి ఎల్లు, లారీ ఎలిపోద్ది."

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. భవాని లారీ దగ్గరికి పరుగెత్తింది.

"నాన్నా, ఆ సంచి దింపవా?"

"అన్నీ కట్టేసేక ఇప్పుడేటే?" అమ్మ విసుక్కుంది.

"నేను మామ్మని అడగలేదు. అబద్ధం చెప్పేను."

నాన్న సంచి దింపి, గిలక తీసుకెళ్లి మళ్లీ బిగించాడు.

భవాని తాడు అందుకుంది. "మామ్మా, నువ్వు కూకో. నేను తోడతాను."

ఒక చేద. రెండు చేదలు. బిందె నిండితే గట్టు పక్కనున్న లోవమ్మ తొట్టిలో పోసింది. దిగులు మాత్రం తగ్గలేదు. రోడ్డు మీద లారీ హారన్ మోగింది.

"భవానీ! వచ్చేయే!"

"ఒక్క నిమిషం అమ్మా, మామ్మ తొట్టి ఇంకా నిండలేదు," అంటూ భవాని తాడును మళ్లీ నూతిలోకి వదిలింది.