కోటుకి మూడో బటన్

“స్ట్రోక్ వచ్చింది ఎవరికండీ? మీకా, మీ నాన్నగారికా?”

ఆ అమ్మాయి మా ఇంట్లో అడుగుపెడుతూనే అన్న మొదటి మాట ఇది. అప్పుడు నేను నాన్నకి టీ తాగిస్తున్నాను. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో తువ్వాలు. చూసినవాళ్లెవరైనా ఎంత మంచి కొడుకో అనుకోవాలి. ఈవిడ మాత్రం దొంగని పట్టుకున్నట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నాన్నకేనండీ,” అన్నాను.

“మరి కప్పు మీ చేతిలో ఉందేంటి? ఆయనకివ్వండి.”

“ఒలకబోసుకుంటారు.”

“ఒలకనివ్వండి. తువ్వాలు ఉందిగా.”

కప్పు నాన్నకిచ్చాను. చల్లారిన టీ సగం ఆయన నోట్లోకి, సగం ఒళ్లోకి వెళ్లింది. అయినా నాన్న నా వైపు గర్వంగానే చూశారు.

మాది టైలరింగ్ షాపు. షాపు కింద, ఇల్లు పైన. అందరికీ నాన్న పెద్ద మాస్టరు, నేను చిన్న మాస్టరు. మూడు నెలల క్రితం ఒక కోటు కత్తిరిస్తుండగా నాన్న చేతిలోంచి కత్తెర జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. ఆస్పత్రి నుంచి నడిచే వచ్చారు గానీ కుడిచెయ్యి మాత్రం ఇంకా రాలేదు. ఆ కత్తెరని అమ్మ పైగదిలో మేకుకి తగిలించింది. నాన్న దాన్ని చూస్తూ అడిగేది ఒకటే ప్రశ్న.

“మళ్లీ కత్తెర పడతానా అమ్మా?” అని ఫిజియోథెరపీ చేయించడానికొచ్చిన ఆ అమ్మాయినీ అడిగారు.

డాక్టర్లందరూ నీళ్లు నమిలిన ప్రశ్న అది. ఆమె నమల్లేదు.

“పట్టిద్దాం. ఏడాది పట్టొచ్చు. నేను వచ్చిన రోజూ చెయ్యాలి, రాని రోజూ చెయ్యాలి.”

ఆమె తెల్లకోటుకి మూడో బటన్ లేదు, ఆ చోట పిన్నీసు పెట్టుకుంది. టైలర్ కళ్లు కదా, నాకు ముందు అదే కనపడింది. అబద్ధం. ముందు ఆమె కళ్లే కనపడ్డాయి, బటన్ సంగతి తర్వాత.

“కోటు ఇటివ్వండి, రెండు నిమిషాల్లో కుట్టేస్తాను.”

“వద్దు. ఇది పెద్ద మాస్టారే కుడతారు. అప్పటిదాకా పిన్నీసే.”

నాన్న పకాలున నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటిసారి. నా పని అప్పుడే అయిపోయింది.

మంగళ, గురు, శనివారాలు పదింటికల్లా వచ్చేది. బల్లమీద తువ్వాలు పరిచి నాన్న అరచేత్తో ముందుకీ వెనక్కీ తోయించేది. పిండిముద్ద పిసికించేది. షాపులోని బటన్ల డబ్బా బోర్లించి ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యమనేది. ఒకరోజు పది పడేవి, ఒకరోజు నాలుగే. నాలుగు పడిన రోజు కూడా “రేపుందిగా మాస్టారూ” అని వెళ్లేది. ఆ మూడు రోజులూ నేను ఇస్త్రీ చొక్కాలే వేసేవాణ్ణి.

“చిన్న మాస్టారూ, ఇవాళ ఎక్కడైనా పెళ్లుందా?”

“లేదండీ. కస్టమర్లు వస్తారని.”

“మేడమీదికా?”

వంటింట్లోంచి అమ్మ దగ్గింది.

ఒక గురువారం వాన దంచేస్తుంటే గొడుగు పట్టి ఆమెని స్కూటర్ దాకా దింపాను. గొడుగంతా ఆమె వైపే ఉంది. నేను ముద్దముద్దగా తడిశాను.

“మీకో మాట చెప్పాలండీ.”

“పేషెంట్ గురించా?”

“కాదు.”

“అయితే ఇప్పుడొద్దు. మీ నాన్నగారి ఫైల్ నా దగ్గరున్నంతకాలం మీరు నాకు పేషెంట్ కొడుకు. అంతే.”

స్కూటర్ వెళ్లిపోయింది. ఆ ‘అంతే’ మాత్రం రెండు వారాలు నా చెవుల్లోనే ఉండిపోయింది.

జబ్బు చేసిన ఆరో నెలలో చొక్కా పరీక్ష మొదలైంది. అయిదు బటన్లు, ఎదురుగా ఆమె చేతివాచీ. నాన్న ఒక్క బటన్ కూడా కాజాలో దూర్చలేకపోయారు. నాలుగోసారికి చొక్కా తీసి గోడకేసి కొట్టారు.

“లోకానికి చొక్కాలు కుట్టాను. నా చొక్కా నేను వేసుకోలేకపోతున్నాను,” అని అటు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నం షాపులో కూర్చుని ఒక తప్పుపని చేశాను. నాన్న చొక్కాల కాజాలన్నీ మూసి కుట్టేసి, వాటిమీద ఉత్తుత్తి బటన్లు కుట్టి, లోపల టిచ్ బటన్లు పెట్టాను. వేలితో అదిమితే చాలు, టక్కున అతుక్కుంటాయి. పైకి ఏమీ తెలీదు. పెళ్లి సూట్లు కూడా నేనంత శ్రద్ధగా కుట్టలేదు.

తర్వాతి శనివారం నాన్న చొక్కాని కాసేపు తడిమి చూసుకుని, అయిదు బటన్లూ యాభై రెండు సెకన్లలో పెట్టేశారు. అమ్మ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి చిన్నపిల్లలా గంతేసింది. నేనూ నవ్వాను. నాన్న మాత్రం నా ముఖమే చూస్తూ ఉండిపోయారు.

అలా మూడు వారాలు గడిచాయి. “వేళ్లు వచ్చేశాయి, ఇక భుజం సంగతి చూద్దాం” అని గిన్నెలో బటన్లు వేసే పని ఆ అమ్మాయి మాన్పించేసింది. ఒక మంగళవారం ఫైల్ తెచ్చి బల్లమీద పెట్టింది.

“పెద్ద మాస్టారూ, గురువారం నా కోటుకి బటన్ కుట్టండి, ఫైల్ మూసేస్తాను. ఈ టైమ్ కోసం ఇంకో పేషెంట్ కాచుక్కూచున్నారు.”

ఫైల్ మూస్తే ఆమె రాదు. అది నా బాధ. కానీ వేళ్లు రాకుండానే నాన్న వైద్యం ఆగిపోతుంది, కత్తెర ఎప్పటికీ ఆ మేకుకే ఉండిపోతుంది. అలా చేసింది నేనే.

“ఆ చొక్కా అబద్ధమండీ,” అన్నాను.

ఆమె నాన్న చొక్కా పట్టీ తిప్పి చూసింది.

“నా రిపోర్టుల్లో మూడు వారాలు అబద్ధం రాయించారు. పోనీ, అది నేను సర్దుకుంటాను. ఆయన వేళ్లకి పోయిన మూడు వారాలు ఎవరు తెచ్చిస్తారు?”

“నాన్న కష్టపడుతుంటే చూడలేకపోయానండీ.”

“చూడాలి! మీరు చూస్తూ ఊరుకుంటేనే ఆయన చెయ్యగలిగేది.”

“వాణ్ణనకు తల్లీ,” అన్నారు నాన్న. “నాకు మొదటిరోజే తెలుసు.”

నేను తెల్లబోయాను.

“నలభై ఏళ్ల టైలర్ని రా. కాజా ఉందో మూసేశారో వేలికి తెలీదా? ఆ అమ్మాయి యాభై రెండు అనగానే నీ ముఖం చూశాను. నేను మంచమెక్కాక నువ్వు నవ్వింది ఆ రోజే. ఇంకేం చెప్పను?”

ఆయన కోసం నేను, నా కోసం ఆయన, ఇద్దరం కలిసి ఆ చెయ్యిని మోసం చేశాం. నాకు ఏడుపొచ్చింది. ఆమె కూడా కళ్లు తుడుచుకుని, వెంటనే గొంతు గట్టిచేసుకుంది.

“చిన్న మాస్టారూ, ఇలా రండి. శిక్ష ఉంది.”

నా కుడిచెయ్యిని కొలతల టేపుతోనే వెనక్కి కట్టేసింది. అసలైన కాజాలున్న చొక్కా ఇచ్చి ఎడంచేత్తో వేసుకోమంది. రెండో బటన్‌కే చెమటలు పట్టాయి. అమ్మ చెయ్యి ముందుకొచ్చింది.

“ఆంటీ, ముట్టుకోకండి. ఆయనే చెయ్యాలి.”

పదకొండు నిమిషాలు పట్టింది.

“ఎలా ఉంది?”

“ఎవరైనా పెట్టేస్తే బాగుండనిపించిందండీ.”

“పెట్టేసి ఉంటే?”

“నాకు చేతనవునని తెలిసేది కాదు.”

“పాసయ్యారు,” అని టేపు విప్పుతూ నవ్వింది.

ఆ సాయంత్రమే కాజాలన్నీ విప్పి మళ్లీ కుట్టాను. గిన్నె, బటన్లు మళ్లీ మొదటికొచ్చాయి. ఈసారి నాకూ ఒక ఎక్సర్‌సైజు రాసింది. నాన్న చొక్కా వేసుకుంటున్నంతసేపూ నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం. ప్రాణం పోయినంత పనయ్యేది. నెలన్నరకి ఒక బటన్ పడింది. మధ్యలో జ్వరం వచ్చి అదీ పోయింది. మళ్లీ వచ్చింది. పదకొండో నెలకి అయిదూ మూడు నిమిషాల నలభై సెకన్లలో పెట్టారు.

“ఆ దొంగ యాభై రెండు కంటే ఇది చాలా తక్కువ టైమ్,” అంది ఆమె. ఆ లెక్క మా ఇంట్లో అందరికీ అర్థమైంది.

జబ్బు చేసి ఏడాది నిండిన వారం ఆమె కోటు తెచ్చి నాన్న ముందు పరిచింది. పిన్నీసు తీసేసింది.

నాన్న సూదిని మెత్తకి గుచ్చి దారం ఎక్కించారు. కుడిచేత్తో సూది పట్టుకున్నారు. మూడుసార్లు జారిపడింది. ఎవరూ తీసివ్వలేదు, ఆయనే వంగి తీసుకున్నారు. పందొమ్మిది నిమిషాలకి దారం పళ్లతో కొరికి తల ఎత్తారు.

“కాస్త వంకరగా వచ్చింది తల్లీ.”

“నాకిలాగే కావాలి,” అని కోటు తొడుక్కుని ఆ బటన్ పెట్టుకుంది. ఫైల్ తెరిచి సంతకం చేసి మూసేసింది.

“ఊఁ, ఇప్పుడు చెప్పండి,” అంది నా వైపు తిరిగి.

“ఏంటండీ?”

“గొడుగు కింద మొదలుపెట్టిన మాట. ఫైల్ మూసేస్తానని మీరు భయపడ్డారు. ఎప్పుడు మూస్తానా అని నేను ఏడు నెలలుగా చూస్తున్నాను.”

నేను నా చొక్కా బటన్లు సర్దుకోవడం మొదలుపెట్టాను.

“నేను చెప్పనా రా?” అన్నారు నాన్న.

“ముట్టుకోకండి మాస్టారూ. ఆయనే చెయ్యాలి,” అని ఆమె వాచీ చూసుకుంది. “టైమ్ మొదలైంది.”

చెప్పాను. తడబడ్డాను, మళ్లీ చెప్పాను. మీరంటే ఇష్టమన్నాను, మంగళవారాలంటే ఇష్టమన్నాను, మీరు తిట్టే తిట్లు కూడా ఇష్టమేనన్నాను.

“యాభై రెండు సెకన్లు,” అంది. “ఈసారి నిజమేనా?”

“నిజమేనండీ.”

“నాకూ అంతే,” అంది. ఈసారి ఆ ‘అంతే’ చెవులకి హాయిగా ఉంది.

అమ్మ టీ కప్పులతో వచ్చింది. ఆమె లేచి ఎదురెళ్లింది.

“ఇలా ఇవ్వండి అత్తయ్యా.”

అమ్మ కప్పులన్నీ కాబోయే కోడలి చేతిలో పెట్టేసింది. నాన్న తన కప్పు కుడిచేత్తో అందుకుని చుక్క ఒలక్కుండా తాగేసి కింద పెట్టారు.

“పెళ్లి కోటు నేనే కత్తిరిస్తాను,” అన్నారు. “ఆ కత్తెర అందుకోరా.”

ఒక్క ఉదుటున లేచాను. ఆమె నా వైపు చూసింది. మళ్లీ కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

నాన్న నవ్వి, లేచి, గోడ దగ్గరికి నడిచి, కుడిచేత్తో కత్తెర దించుకున్నారు.