పచ్చ బటన్

"నొక్కవే నత్తా! నీ ఒక్కదాని కోసం క్లాసంతా ఆగింది!"

వెనక బెంచీ అరుపు అది. లెక్కల మేడం బోర్డు తుడుస్తున్నారు. ఒక్కొక్కరి ట్యాబ్‌లో రెండు బటన్లున్నాయి. పచ్చదంటే అర్థమైందని, ఎర్రదంటే కాలేదని. అందరూ పచ్చ నొక్కితేనే ఆట తెరుచుకుంటుంది.

అన్నీ నెమ్మదిగా చేస్తుందని క్లాసు నత్త అని పేరు పెట్టిన ఆ పిల్ల వేలు గాల్లోనే ఆగిపోయింది. "భిన్నాలు కూడేటప్పుడు కింది అంకె ఎందుకు మారుతుందే?" అని గొణిగింది.

"తర్వాత చెప్తాలే." పక్కనున్న తూనీగ చెయ్యి చాచి తనే పచ్చ నొక్కేసింది. అన్నిట్లో ముందుంటుందని దానికా పేరు.

క్లాసంతా "హే!" అంది. నత్త కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి, తను మంచిపనే చేశానని తూనీగ నమ్మేసింది. తర్వాత చెప్పనేలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఓ రోజు తూనీగ ట్యాబులు ఛార్జింగ్‌కి పెట్టడానికి స్టాఫ్‌రూంకి వెళ్ళింది. లోపల మేడం, ముసలి మాస్టారు వాదించుకుంటున్నారు. వెనకబడ్డవాళ్ళకి సాయంత్రాలు విడిగా లెక్కలు చెప్పేది ఆయనే.

"ఇన్ని ముఖాలు ఒక్కసారే ఎలా చదువుతారు మాస్టారూ? ఈ ట్యాబ్ చదువుతుంది. చూడండి, అంతా పచ్చే. ఇక మీ సాయంత్రం క్లాసు ఎవరికి?"

"అబద్ధమాడితే పిల్లల చెవులు ఎర్రబడతాయమ్మా. దీనికి కనిపిస్తాయా?"

"మీరింకా సుద్దముక్క దగ్గరే ఉన్నారు!"

తూనీగ చెవులు భగ్గుమన్నాయి. మాస్టారు కూడా అటు చూడలేదు. ఒక్క మాట చెబితే చాలు. ట్యాబులు అక్కడ పెట్టేసి బయటికొచ్చేసింది.

సాయంత్రం క్లాసు ఆగిపోయింది. పరీక్షలో నత్తకి సున్నా వచ్చింది.

"రోజూ అర్థమైందన్నావుగా! అన్నీ అబద్ధాలేనా?" మేడం అందరి ముందూ నిలదీశారు.

నత్త తూనీగ వైపు చూసింది. పేరు మాత్రం చెప్పలేదు. తూనీగ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నత్తని వేరే సెక్షన్‌కి మార్చారు. వరండాలో ఎదురుపడినప్పుడు, "భిన్నాలు నేను చెప్తా, రావే," అంది తూనీగ.

"ఇప్పుడెందుకులే," అని నత్త ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు దశాంశాలు. తూనీగకి సగమే అర్థమైంది. బోర్డు పక్కనున్న పెద్ద తెర మీద పచ్చచుక్కల మధ్య ఒక్క ఎర్రచుక్క వెలిగింది.

"ఎవర్రా అది? ఆట పోయింది!"

తూనీగ లేచి నిలబడింది. "నేనే. నాకు అర్థం కాలేదు మేడం. ఇంకోటి... ఇక్కడ కూర్చునేదాని పచ్చలు కూడా నేనే నొక్కాను. అది నొక్కలేదు."

మేడం ట్యాబ్ పక్కన పెట్టారు. చాలాసేపు తూనీగ ముఖంలోకి చూశారు. తర్వాత, దాని పక్కనున్న ఖాళీ చోటు వైపు.