ఖాళీ దెబ్బ

కొత్తకోట బస్టాండు దాటి హైవే మీదికి వస్తుంటే, టైర్ల దుకాణం పైన సంధ్య స్టూడియో ఉండేది. స్టూడియో అంటే రెండు గదులు, అంతే. ముందు గదిలో కంప్యూటరు, కీబోర్డు, స్పీకర్లు, ఒక పాత కుర్చీ. దాన్ని ఆనుకొని, పాడేవాళ్లు నిలబడే చిన్న గది. మధ్యలో అద్దం. బెంగుళూరు లారీల మోత లోపలికి రాకుండా కిటికీలన్నీ మూయించి, గోడలకు స్పాంజీ, బొంతలు కొట్టించింది. అందుకే బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ రాత్రే.

సంధ్యకు నలభై దాటలేదు గానీ, చూసినవాళ్లు అట్లా అనుకునేవారు కాదు. హైదరాబాదులో చాలా ఏండ్లు సినిమా పాటలకు తాళాలు, వాయిద్యాలు కంప్యూటర్ మీద పేర్చింది. పేర్లు వేరేవాళ్లవి పడేవి. తల్లికి జబ్బు చేస్తే ఊరికొచ్చింది. తల్లి పోయాక తిరిగి పోబుద్ధి కాలేదు. ఇక్కడ దొరికే పని ఎన్నికల పాటలు, పెండ్లి బారాత్ పాటలు. నాయకుడి పేరు మారేది, తాళం మారేది కాదు. సాయంత్రానికి చెవుల్లో ఈగలు ముసిరినట్టు ఉండేది. ఇంటికి పోయి పడుకున్నా నిద్రలో ఆ దరువే. ఆ అలసట ఒక్క రోజు సెలవుతో తీరేది కాదు.

తన పేరుతో ఒక్క పాట చేసుకుంటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకుంది ఒకరోజు. నేత ఆడవాళ్ల మీద పాట. సంధ్య వాళ్ల తాత కాలం దాకా ఇంట్లో మగ్గం ఆడింది. తర్వాత అందరూ టౌన్లో ఉద్యోగాలకు పోయారు. ఆ పాటలో డప్పు వద్దు, డోలు వద్దు. మగ్గం చప్పుడే తాళం కావాలి.

అమరచింత దిక్కున ఒక పల్లెలో వెంకటనర్సమ్మ అనే ముసలామె ఇంకా గుంతమగ్గం నేస్తుందని తెలిసి, మైకులు బండికి కట్టుకొని పోయింది. అవ్వ సంతోషంగానే కూర్చోబెట్టింది. చాయ్ పెట్టింది. ఒక మైకును మగ్గం గుంతలో, ఒకటి వాకిట్లో, ఒకటి సందు చివర పెట్టింది సంధ్య. నూలును దగ్గరికి కొట్టే పలకను మెల్లగా మొదలుపెట్టి, పోనుపోను గట్టిగా కొట్టమంది. నూలు రాపిడి వినబడొద్దు, అందుకని పేక, అంటే అడ్డం నూలు, వెయ్యకుండా వట్టి పలకే కొట్టమంది.

అవ్వ చెయ్యి ఆగిపోయింది. నూలు లేకుండా పలక కొట్టొద్దని వాళ్ల అత్త చెప్పేదట.

"ఖాళీ దెబ్బ కొడితె, అది నింపెతందుకు ఎవరో ఒకరు వస్తరంటరు బిడ్డా," అన్నది.

అని తానే నవ్వింది. ఇప్పుడు నిండు దెబ్బకే ఎవరూ వస్తలేరు, ఖాళీ దెబ్బకు ఎవరొస్తరని, సంధ్య అడిగినట్టే కొట్టింది.

ఆ దెబ్బలతో సంధ్య ఒక వాయిద్యం తయారుచేసింది. అందులోని తెలివంతా వెలాసిటీలోనే ఉంది. కీబోర్డు మీద మీట నొక్కితే కంప్యూటరుకు చప్పుడేమీ పోదు. ఏ మీట, ఎంత జోరుగా దిగింది అన్న సంగతే పోతుంది. ఆ జోరుకు ఒక అంకె ఉంటుంది, దాన్నే వెలాసిటీ అంటారు. ముట్టీ ముట్టనట్టు తాకితే ఒకటి. బలంకొద్దీ కొడితే నూట ఇరవై ఏడు. చాలామంది దాన్ని చప్పుడు ఎక్కువ తక్కువలకు వాడుకుని వదిలేస్తారు. సంధ్య దాన్ని దూరం చేసింది. మెల్లగా తాకితే మగ్గం సందు చివరినుంచి వినబడుతుంది. కొంచెం ఒత్తితే వాకిట్లోకి వస్తుంది. ఇంకా ఒత్తితే మోకాళ్ల దగ్గర. గట్టిగా కొడితే చెవి పక్కనే, పలక గాలి చెంపకు తగిలినట్టు. ఒక్క వేలితో మగ్గాన్ని ఊరంతా నడిపించొచ్చు. చాలాకాలం తర్వాత ఆమెకు తన పని మీద ప్రేమ కలిగింది.

తాళం పేర్చి పెట్టి, మర్నాడు వింటే మధ్యలో ఒక దెబ్బ ఎక్కువ వచ్చింది. చాలా దూరంగా. తెర మీద చూస్తే, తాను పెట్టిన గీతల మధ్య అడుగున ఒక పొట్టి గీత ఉంది. వెలాసిటీ మూడు. కునికిపాట్లలో మోచెయ్యి తగిలి ఉంటుందనుకుని చెరిపేసింది.

తెల్లారి మళ్లీ ఉంది. ఒకటి కాదు, పాట పొడవునా ఉన్నాయి. ఒక గట్టి దెబ్బ, ఒక నీరసం దెబ్బ, ఒక చిన్న తడబాటు. మళ్లీ గట్టిది. కుంటుతూ నడిచే మనిషి అడుగుల్లా. చెరిపెయ్యడానికి చెయ్యి చాపింది సంధ్య. కానీ ఒకసారి విన్నది... ఇంకోసారి విన్నది. నిజం చెప్పాలంటే, ఆ దెబ్బలతోనే పాటకు ప్రాణం వచ్చింది. తాను పేర్చింది కంప్యూటర్ మాదిరి ఉంది. ఇది మనిషి నేసినట్టుంది. అలసిపోయిన మనిషికి సాయం దొరికితే, అది ఎవరిదని అడగదు. సాఫ్ట్‌వేరులో ఏదో తిక్క అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుని, ఉండనిచ్చింది.

అవి ఉండిపోయాయి. రోజురోజుకూ పెరిగాయి. మొదట సందు చివర ఉన్న మగ్గం, కొన్నాళ్లకు వాకిట్లోకి వచ్చింది.

ఒకసారి ఫోన్లో అవ్వకు వినిపించింది.

"ఇది నా చెయ్యి కాదు బిడ్డా," అన్నది అవ్వ. "నేను రెండు చేతులతోటి నేస్త. ఇది ఒంటిచెయ్యి మనిషి నేత."

సంధ్య నవ్వి ఊరుకుంది. నవ్వడానికి కూడా ఓపిక లేదు గానీ, భయపడటానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

పాట పాడటానికి మెర్సీని పిలిచింది. మెర్సీ చర్చిలో పాడే పిల్ల. మిగతా రోజులు ప్రైవేటు బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. గొంతులో తేనె, మట్టి రెండూ ఉంటాయి. ఆమె వచ్చినరోజు పొద్దటినుంచీ ముసురు. మధ్యాహ్నానికి వాన కురిసి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరు నడుస్తోంది. ఏసీ లేదు. తడిసిన బొంతల వాసన, దుకాణం నుంచి పైకి వచ్చే రబ్బరు వాసన. మెర్సీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని అద్దం అవతల నిలబడింది. దళసరి తలుపు మూసుకుంది. కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది.

మొదటి చరణం బాగా వచ్చింది. రెండో చరణంలో ఆగిపోయింది.

"అక్కా, గంజి వాసనొస్తాంది."

నూలుకు పెట్టే గంజి. ఇక్కడెక్కడిది? సంధ్యకు ఏ వాసనా రాలేదు. వానకు ఏవేవో వాసనలు వస్తాయి, కానీయమని చెప్పింది. మెర్సీ మళ్లీ కళ్లు మూసుకుంది.

అప్పుడు తెర మీద గీతలు పుట్టడం చూసింది సంధ్య.

రికార్డుకు పెట్టింది మెర్సీ గొంతును మాత్రమే. మగ్గం ట్రాకు రికార్డులో లేదు. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా గీతలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. గట్టిది, నీరసంది, తడబాటు. నలభై... నలభై ఎనిమిది... అరవై. వాకిలి దాటింది. గడప దాటింది.

ఆపింది. తెర మీద పాట ఆగింది.

మగ్గం ఆగలేదు.

స్పీకర్లు కట్టేసింది. హెడ్‌ఫోన్ల తీగ పీకేసింది. అద్దం అవతల మెర్సీ పాడటం మానేసి, కళ్లు మూసుకునే నిలబడి ఉంది. రెండు గదుల మధ్య మాట్లాడుకోవడానికి విడిగా పెట్టిన చిన్న స్పీకరులోంచి ఆమె గుసగుస వినబడింది.

"అక్కా... నువ్వు లోపలికొచ్చినవా?"

"లేదు మెర్సీ. ఇక్కడనే ఉన్న."

"మరి నా ఎనక ఎవరున్నరు?"

సంధ్య లేచి తలుపు లాగింది. రాలేదు. కాలు గోడకు తన్ని పెట్టి లాగింది. అవతలినుంచి ఎవరో అంతే బలంతో, అంతే ఓపికగా, పట్టుకున్నట్టుంది. అద్దంలోంచి చూస్తే మెర్సీ ఒక్కతే. కానీ ఆమె భుజం మీది చున్నీ... ఒక దెబ్బకు ఉబ్బుతోంది. ఒక దెబ్బకు అణిగిపోతోంది.

తెర మీద తొంభై.

మెర్సీ పెదవులు కదిలాయి. యేసయ్య పేరు. తర్వాత, "ఒక చెయ్యే... నా భుజం మీద..."

నూట నాలుగు.

నూట ఇరవై ఏడుకు పైన అంకె లేదు. అంతకన్నా దగ్గర అంటూ లేదు. ఆ తర్వాత ఏమిటో ఆలోచించకుండా సంధ్య కీబోర్డు మీద వాలి, మగ్గం మీటను గట్టిగా కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమెకు తెలియదు.

అవతలి దెబ్బ ఆగింది.

ఒక్క క్షణం ఎవరో తల తిప్పి చూసినట్టు... నిశ్శబ్దం.

తర్వాత జవాబు వచ్చింది. సంధ్య కొట్టినదానికన్నా గట్టిగా. మెర్సీ ముందుకు తూలి మైకు స్టాండును పట్టుకుంది.

అప్పుడు సంధ్యకు అర్థమైంది. అది తన చెయ్యిని వింటోంది. ఖాళీ దెబ్బను నింపడానికి వచ్చింది. తాను కొడితే, నింపుతుంది. గట్టిగా కొడితే గట్టిగా. మరి మెల్లగా కొడితే?

వేలిని కొంచెం తేలిక చేసి నొక్కింది. జవాబు కొంచెం తగ్గింది. ఇంకొంచెం తేలిక చేసింది. అదీ తగ్గింది. చెవి దగ్గరినుంచి మోకాళ్ల దగ్గరికి. అక్కడినుంచి గడపకు. తప్పిపోయిన పశువును తోలినట్టు, ఒక్కో దెబ్బతో దాన్ని వెనక్కి నడిపించింది.

కానీ గట్టిగా కొట్టడం ఎవరికైనా వస్తుంది. మెల్లగా తాకడానికే చేతికి బలం కావాలి. ఏండ్ల తరబడి మీటలు కొట్టి కొట్టి అరిగిపోయిన వేళ్లు ఆమెవి. వాకిట్లోకి తోలేసరికి మణికట్టు వణకడం మొదలైంది. ఒక దెబ్బ మరీ తేలికైపోయి, మీట పలకనే లేదు.

వెంటనే చెవి పక్కన దెబ్బ పడింది. అద్దం గణగణలాడింది. మెర్సీ మోకాళ్ల మీద కూలబడింది.

మళ్లీ మొదటినుంచి.

సంధ్యకు ఏడుపు వచ్చింది. భయంతో కాదు. పెద్ద మూటను ఇంటిదాకా మోసుకొచ్చి గుమ్మంలో జారవిడిచిన మనిషికి వచ్చే ఏడుపు. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. చెవి దగ్గర... మోకాళ్ల దగ్గర... గడప... వాకిలి. సందులోకి. ఇరవై. పన్నెండు. ఏడు. మీట మీద వేలు ఉందో లేదో తెలియనంత మెల్లగా. జవాబు కూడా అంతే మెల్లగా, ఎక్కడో, ఊరి అవతల.

ఒకటి.

ఎదురుచూసింది.

జవాబు రాలేదు.

తలుపు దానంతట అదే తెరుచుకుని, వానగాలికి ఊగుతున్నట్టు కొంచెం ఊగింది. ఆ గదిలోకి గాలి వచ్చే దారే లేదు.

మెర్సీ బయటికి వచ్చి నేల మీద కూర్చుంది. నీళ్లిస్తే తాగింది. సంధ్య ఆమె ముందే ఆ వాయిద్యాన్ని, అందులోని దెబ్బలను, పాటను, అన్నింటినీ చెరిపేసింది. తన పేరుతో ఉండాల్సిన ఒకే ఒక్క పాట. చెరపడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత వానలోనే మెర్సీని బండి మీద ఇంట్లో దింపి, తలుపు దాకా పోయి, వాళ్లమ్మ చేతిలో పెట్టి వచ్చింది. ఆ రాత్రి సంధ్యకు, చాలా నెలల తర్వాత, కలలు లేని నిద్ర పట్టింది.

తెల్లారి వెంకటనర్సమ్మ దగ్గరికి పోయింది. చెప్పకుండా ఉండటం న్యాయం కాదనిపించింది. అవ్వ వాకిట్లో కూర్చుని రాట్నం మీద దారం చుడుతోంది. అప్పటికే వడివడిగా చుట్టిన తెల్లదారం కండెలు పక్కన కుప్పగా ఉన్నాయి. సంధ్య ఆమె పక్కన కూలబడి జరిగిందంతా చెప్పింది. అవ్వ చేతిపని ఆపకుండానే విన్నది. భయపడలేదు, కోప్పడలేదు. గదిలో ఇంకెవరన్న ఉండిరా అని మాత్రం అడిగింది.

"లేరవ్వా. నేను, మెర్సీ. ఇద్దరమే."

రాట్నం ఆగింది. అవ్వ సంధ్య ముఖంలోకి చూసింది. చత్వారపు కళ్లు చిట్లించుకొని, ఇది ఆ మనిషేనా అన్నట్టు చూసింది.

"మరి నిన్న పగటీలి, వాన గొడుతుండంగ, నువ్వే గదా ఫోన్ జేసింది?"

నిన్న మధ్యాహ్నం సంధ్య రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నాయి.

"నీ గొంతే బిడ్డా. జర అలిసినట్టుండె. సచ్చినోళ్ల మీద గప్పే తెల్ల కోరబట్ట నెయ్యి, తొందరగ కావాలె అన్నవ్. ఎంత నెయ్యాలె అని అడిగిన." అవ్వ ఒక కండెను చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టింది. "ఇద్దరే అంటున్నవ్ గదా. మరి ముగ్గురికి సరిపోను నెయ్యమని ఎందుకు జెప్పినవ్?"